శాఖల విలీనం తర్వాత సీనియారిటీ వివాదం: జాబితా చదవడం నుంచి హైకోర్టు దాకా

రెండు శాఖలను కలుపుతూ జీ.ఓ. వచ్చిన రోజు ఆఫీసులో మాటలన్నీ కొత్త ఆఫీసు ఎక్కడ, బాస్ ఎవరు, బదిలీలు ఉంటాయా అన్నవాటి చుట్టూనే తిరుగుతాయి. సీనియారిటీ మాట ఎవరూ ఎత్తరు. ఏడాదో రెండేళ్లో గడిచి ప్రమోషన్ ప్యానెల్ (ప్రమోషన్‌కు ఎంపికైనవారి జాబితా) తయారయ్యే వేళకు, అవతలి శాఖ నుంచి వచ్చినవాళ్ల పేర్లు మన పేరుకు పైన కనిపిస్తాయి. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. న్యాయం తమ వైపు ఉండి కూడా కేవలం ఆలస్యం వల్ల ఓడిపోయిన ఉద్యోగులు మన రెండు రాష్ట్రాల్లో తక్కువేం లేరు. సీనియారిటీ వివాదంలో సగం పని విలీనం జీ.ఓ.కు, ప్రొవిజనల్ (తాత్కాలిక) సీనియారిటీ జాబితాకు మధ్య ఉన్న కాలంలోనే చేసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో, జాబితా మనకు వ్యతిరేకంగా వస్తే తర్వాత ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులను దృష్టిలో పెట్టుకున్నాను. కేంద్ర ఉద్యోగుల దారి కొంచెం వేరు, అది చివర్లో చెబుతాను.

1. మీది ఏ రకం విలీనమో ముందు తేల్చుకోండి

విలీనం అని అందరం ఒకే మాట వాడతాం కానీ చట్టం దృష్టిలో అవన్నీ ఒకటి కాదు. ఏ రకమో తేలితేనే ఏ రూల్ పట్టుకోవాలో తెలుస్తుంది.

ఒకే శాఖలోని విభాగాలను కలపడం ఒక రకం. 2020 చివర్లో తెలంగాణలో భారీ, మధ్య తరహా, చిన్న నీటిపారుదల విభాగాలను ఒకే గొడుగు కిందికి తెచ్చినప్పుడు జరిగింది ఇదే. స్థానిక సంస్థలు కలవడం రెండో రకం. 2007లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్ఎంసీ ఏర్పడింది. అంతవరకు వేర్వేరు నియామక అధికారుల కింద ఉన్న సిబ్బంది ఒక్కసారిగా ఒకే సంస్థ కిందికి వచ్చారు. కార్పొరేషన్ ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకోవడం మూడో రకం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బందిని ప్రజా రవాణా శాఖ ఉద్యోగులుగా చేశారు. పోస్టునే రద్దు చేసి మనుషులను వేరే శాఖలకు పంచడం నాలుగోది. తెలంగాణలో వీఆర్వో పోస్టులను 2020లో చట్టం ద్వారా రద్దు చేసి, 2022లో వాళ్లను లాటరీ తీసి రకరకాల శాఖల్లో సర్దారు.

ఇక జిల్లాలు, జోన్ల మార్పు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. నిజానికి ఇది విభజన, అయినా సీనియారిటీ గొడవలు విలీనంలో వచ్చేలాంటివే వస్తాయి. ఎందుకంటే ఒక యూనిట్ (సీనియారిటీని లెక్కించే పరిధి) జాబితా చిరిగి కొత్త జాబితాలు పుడతాయి. కొత్త జిల్లాలో పనిచేయమని ‘ఆర్డర్ టు సర్వ్’ ఇచ్చినంత మాత్రాన మీ సీనియారిటీ యూనిట్ మారిపోదు. స్థానిక కేడర్‌కు (జిల్లా, జోన్ వంటి పరిధిలోని పోస్టుల సముదాయానికి) మిమ్మల్ని శాశ్వతంగా కేటాయిస్తేనే మారుతుంది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత, 2021 డిసెంబర్ 6 నాటి జీ.ఓ. 317 ద్వారా జరిగింది అలాంటి కేటాయింపే. మీ చేతిలో ఉన్నది ఆర్డర్ టు సర్వ్ కాగితమా, కేటాయింపు ఉత్తర్వా అన్నది ఇవాళే చూసుకోండి.

2. కాగితాలు పోగేయండి, జాబితా వచ్చేదాకా ఆగకండి

ప్రొవిజనల్ జాబితాపై అభ్యంతరాలకు చాలాసార్లు ఇచ్చేది వారం, పది, పదిహేను రోజుల గడువే. ఆ కొద్ది రోజుల్లో ఇరవై ఏళ్ల నాటి ఉత్తర్వు వెతకడం సాధ్యం కాదు. అందుకే విలీనం జీ.ఓ. వచ్చిన నెలలోనే ఇవి దగ్గర పెట్టుకోండి.

- విలీనం జీ.ఓ., అనుబంధాలతో సహా. మొదటి రెండు పేజీలే వాట్సాప్‌లో తిరుగుతాయి. మీ బతుకు మాత్రం అనుబంధాల్లో ఉంటుంది.
- మీ పాత శాఖలో విలీనానికి ముందు ఇచ్చిన చివరి ఫైనల్ సీనియారిటీ జాబితా.
- మీ నియామక ఉత్తర్వు, సర్వీస్ కమిషన్ ద్వారా వచ్చి ఉంటే ఎంపిక జాబితాలో మీ ర్యాంకు.
- ప్రొబేషన్ డిక్లరేషన్, రెగ్యులరైజేషన్ ఉత్తర్వు, ప్రతి ప్రమోషన్ ఉత్తర్వు.
- డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసైన ఫలితాల ప్రతి, ఎస్‌ఆర్‌లో (సర్వీస్ రిజిస్టర్‌లో) దాని ఎంట్రీ.
- రెండు శాఖల స్పెషల్ రూల్స్ (ఆ శాఖకు ప్రత్యేకంగా ఉన్న సర్వీసు నిబంధనలు). మీవి మాత్రమే కాదు, అవతలివాళ్లవి కూడా.
- మీరు సంతకం పెట్టిన ఆప్షన్ ఫారం ఉంటే దాని కాపీ.

ఎస్‌ఆర్‌ను ఒకసారి ఆఫీసులో కూర్చుని మొదటి పేజీ నుంచి చదవండి. ఉత్తర్వులో ఒక తేదీ, ఎస్‌ఆర్‌లో ఇంకో తేదీ ఉంటే జాబితా తయారు చేసే క్లర్క్ ఎస్‌ఆర్‌లో ఉన్నదే ఎక్కిస్తారు. ఆ తప్పు దిద్దించుకోవడానికి జాబితా రాకముందు ఒక దరఖాస్తు సరిపోతుంది. వచ్చాక అది వివాదమైపోతుంది.

అవతలి శాఖ కాగితాలు అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రాల్లో దరఖాస్తు ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు వేయండి. అడిగేటప్పుడు ‘సీనియారిటీ వివరాలు ఇవ్వండి’ అని రాయకండి. ‘ఫలానా కేటగిరీలో ఫలానా తేదీన ఉన్న ఫైనల్ సీనియారిటీ జాబితా, దానికి ఆధారమైన నోట్ ఫైల్ నకలు’ అని స్పష్టంగా అడగండి. నోట్ ఫైల్ చాలా ముఖ్యం. ఏ రూల్ చూసి ఆ వరుస ఖాయం చేశారో అందులోనే ఉంటుంది.

3. విలీనం జీ.ఓ.లో సీనియారిటీ గురించి ఏం రాశారు

జీ.ఓ. చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకండి. ఏ పోస్టును ఏ పోస్టుతో సమానం చేశారు? సీనియారిటీకి ఏ తేదీ లెక్క? గత సర్వీసు దేనికి లెక్కలోకి వస్తుంది, పెన్షన్‌కు, ఇంక్రిమెంట్లకేనా, సీనియారిటీకి కూడానా? పై పోస్టుకు ప్రమోషన్ ఉమ్మడి జాబితా నుంచా, లేక రెండు వర్గాలకు విడివిడిగా నిష్పత్తి ఉందా?

‘గత సర్వీసును అన్ని ప్రయోజనాలకు పరిగణిస్తారు’ అని ఉంటే ఒక అర్థం. ‘పెన్షన్, సెలవుల నిమిత్తం’ అని ఉంటే పూర్తిగా వేరే అర్థం. ఈ ఒక్క ముక్క మీద ఏళ్ల తరబడి కేసులు నడుస్తాయి. జీ.ఓ. ఏమీ చెప్పకుండా వదిలేసిందా? అప్పుడు సాధారణ రూల్స్ వర్తిస్తాయి. మన దగ్గర అవి 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్, తెలంగాణ కూడా వాటినే తీసుకుంది.

ఇంకో విషయం. రాజ్యాంగం 309 అధికరణ కింద చేసిన రూల్స్‌కు విరుద్ధంగా మామూలు కార్యనిర్వాహక ఉత్తర్వు చెల్లదు. రూల్స్‌లో ఖాళీ ఉన్నచోట దాన్ని పూరించవచ్చంతే. సుప్రీంకోర్టు 1967లో సంత్ రామ్ శర్మ కేసులో చెప్పిన ఈ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. అంటే మీ స్పెషల్ రూల్స్ ఒకటి చెబుతుంటే, వాటిని సవరించకుండా మెమో ఒకటి ఇంకోటి చెబితే ఆ మెమోను ప్రశ్నించవచ్చు.

ఆప్షన్ ఫారం దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడమంటాను. ఆ 1996 రూల్స్‌లోని రూల్ 35 ప్రకారం పరిపాలన కారణాలతో ప్రభుత్వమే ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు పంపితే పాత సీనియారిటీ మీతో పాటే వస్తుంది. సొంత అభ్యర్థనపై వెళ్తే మాత్రం కొత్త యూనిట్‌లో చేరిన తేదీ నుంచే లెక్క. విలీనమనేది ప్రభుత్వ నిర్ణయం. కానీ హడావుడిగా నింపిన ఫారంలో ‘నా అభ్యర్థన మేరకు’ అన్న మాట ఉంటే, రేపు అదే కాగితాన్ని మీ ముందు పెడతారు. అలాంటి మాట కనిపిస్తే దాన్ని కొట్టేసి, ‘ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, నా సీనియారిటీ హక్కులకు భంగం లేకుండా’ అని రాసి సంతకం పెట్టండి. కాపీపై ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకోండి.

4. ఏ పోస్టు ఏ పోస్టుకు సమానం

అవతలి శాఖలో మీకు సమానంగా చూపిన పోస్టు నిజంగా సమానమేనా? ఇది అన్నిటికన్నా పెద్ద పోరాటం. దీనికి 1956లో రాష్ట్రాల పునర్విభజన నాటి నుంచి వస్తున్న గీటురాళ్లు నాలుగున్నాయి: ఒకటి, పోస్టు చేసే పని స్వభావం; రెండు, దాని బాధ్యతలు, అధికారాలు, చూసే పరిధి; మూడు, కనీస అర్హతలు; నాలుగు, జీతం. మొదటి మూడూ సరిపోతే జీతంలో తేడా అంత పట్టించుకోనక్కర్లేదని కోర్టులు చెబుతూ వచ్చాయి. కాబట్టి ‘నా పే స్కేల్ ఎక్కువ, అందుకే నేను పైన’ అన్న ఒక్క వాదన మీద ఆధారపడితే నిలవదు. మీ సంతకంతో ఏ ఫైళ్లు కదిలేవి, మీ కింద ఎంతమంది పనిచేసేవారు, నియామకానికి డిగ్రీ కావాలా ఇంటర్ చాలా, డిపార్ట్‌మెంటల్ టెస్టు తప్పనిసరా అన్నవి చూపించండి. జాబ్ చార్ట్ కాపీ తప్పకుండా జత చేయండి.

ఈ విషయంలో మన సొంత చరిత్రే ఉంది. 1956లో ఆంధ్ర, హైదరాబాద్ రాష్ట్రాలు కలిసినప్పుడు ఇంజినీరింగ్ సూపర్‌వైజర్ల వివాదం మహ్మద్ షుజాత్ అలీ కేసుగా 1974లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. అక్కడ చెప్పిన ముఖ్యమైన మాట: ప్రమోషన్‌కు పరిగణనలోకి తీసుకోవాలన్న హక్కు సర్వీసు నిబంధనే, కానీ ప్రమోషన్ వచ్చే అవకాశం తగ్గడం మాత్రం సర్వీసు నిబంధన మారినట్టు కాదు. 1981లో చంద్రకాంత్ అనంత్ కులకర్ణి కేసులోనూ ఇదే నిలబడింది. చాలామంది ఉద్యోగులకు ఇది మింగుడుపడదు. ‘విలీనం వల్ల నేను 12వ స్థానం నుంచి 60వ స్థానానికి పడిపోయాను’ అన్నది బాధే, అబద్ధం కాదు. కానీ ఆ బాధ ఒక్కటే కేసు కాదు. 60వ స్థానానికి ఏ రూల్ ఉల్లంఘించి దించారన్నదే కేసు.

5. తేదీ దగ్గరే అసలు చిక్కు

రూల్ 33(ఎ) ప్రకారం ఒక కేటగిరీలో సీనియారిటీని ఆ కేటగిరీలో మొదటిసారి నియమితులైన తేదీ ఖాయం చేస్తుంది. వేర్వేరు యూనిట్ల వాళ్లకు ఉమ్మడి జాబితా వేయాల్సి వస్తే రూల్ 34 కూడా అదే తేదీని చూడమంటుంది, ఒక షరతుతో: పాత యూనిట్‌లో ఒకరికొకరికి ఉన్న వరుస చెదరకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మొదటి శాఖలో ఒకరు 2003లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, ఖాళీలు ఎక్కువగా ఉండటంతో 2009 జూన్‌లో సీనియర్ అసిస్టెంట్ అయ్యారు. రెండో శాఖలో ఇంకొకరు 1998లోనే జూనియర్ అసిస్టెంట్. అక్కడ ఖాళీలు లేక 2012లో గానీ సీనియర్ అసిస్టెంట్ కాలేదు. రెండు శాఖలు సీనియర్ అసిస్టెంట్ కేటగిరీలో కలిశాయి. ఎవరు సీనియర్? 2009 వ్యక్తే. ఐదేళ్ల సర్వీసు తక్కువైనా ఆయనే పైన.

1998లో చేరినవారికి ఇది అన్యాయంగానే కనిపిస్తుంది, నాకూ వాళ్ల మీద సానుభూతి ఉంది. కానీ ‘నా మొత్తం సర్వీసు ఎక్కువ’ అన్న వాదనతో అభ్యంతరం రాస్తే అది ఒక్క లైన్ జవాబుతో తిరిగొస్తుంది. ఆయన వెతకాల్సినవి వేరే ఉన్నాయి.

అవతలి వ్యక్తి 2009 ప్రమోషన్ రెగ్యులరా? రూల్ 10 కింద ఇచ్చిన తాత్కాలిక ప్రమోషనా? తాత్కాలికమైతే ఎప్పుడు రెగ్యులరైజ్ చేశారు, ఆ ఉత్తర్వులో ఏ తేదీ నుంచి అన్నారు? 1990లో డైరెక్ట్ రిక్రూట్ ఇంజినీర్ల కేసులో రాజ్యాంగ ధర్మాసనం రెండు మాటలు చెప్పింది. రూల్స్ పాటించకుండా ఆపద్ధర్మంగా ఇచ్చిన అడ్‌హాక్ నియామక కాలం సీనియారిటీకి లెక్కకు రాదు. అయితే పూర్తి పద్ధతి పాటించకపోయినా, ఆ పోస్టులో ఎడతెగకుండా కొనసాగి రూల్స్ ప్రకారం రెగ్యులరైజ్ అయితే ఆ సర్వీసు లెక్కకు వస్తుంది. మీ ఎదుటివారి కాగితం ఈ రెండింటిలో ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవాలి. ఇంకా, ఆయనకు అప్పటికి తప్పనిసరి టెస్టు పాసైందా? ఆ తేదీ అసలైనదా, నోషనల్‌గా (కాగితం మీద మాత్రమే) వెనక్కి జరిపినదా? నోషనల్ అయితే ఏ ఉత్తర్వు ద్వారా? ఆ కేటగిరీలో మనిషి లేనప్పటి తేదీ నుంచి సీనియారిటీ అడగడం కుదరదని 2019లో మేఘచంద్ర సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

డెప్యుటేషన్ మీద వచ్చి తర్వాత విలీనమైనవాళ్లకు మాత్రం మేలు చేసే తీర్పు ఒకటుంది. పాత శాఖలో సమానమైన పోస్టులో చేసిన రెగ్యులర్ సర్వీసును పూర్తిగా తుడిచేయకూడదని 1999లో సబ్ ఇన్‌స్పెక్టర్ రూప్‌లాల్ కేసులో తేలింది. మీరు కొత్త శాఖకు వెళ్లినవారైతే ఇది మీకు ఆయుధం. వాళ్లు వచ్చి చేరిన శాఖలో ముందునుంచీ ఉన్నవారైతే, అవతలివారిది నిజంగా సమానమైన పోస్టేనా అన్న ప్రశ్నకు మళ్లీ వెళ్లాలి.

ఉమ్మడి జాబితా ఒకసారి చట్టబద్ధంగా ఖాయమయ్యాక, ‘వీళ్లు ఫలానా శాఖ నుంచి వచ్చినవాళ్లు’ అని ఆ తర్వాతి ప్రమోషన్లలో వేరు చేసి చూడటం కుదరదు. ఒకే తరగతిలో కలిసిపోయాక ఎక్కడి నుంచి వచ్చారన్నది పక్కకు పోతుందని 1967 నాటి రోషన్ లాల్ టాండన్ కేసు చెబుతుంది. అందుకే పోరాటం కలిపే దశలోనే చేయాలి.

6. స్థానిక కేడర్ సంగతి మర్చిపోకండి

చాలా ఇతర రాష్ట్రాల వాళ్లకు లేని ప్రత్యేక చిక్కు మనకు రాజ్యాంగం 371-డి అధికరణ, దాని కింద స్థానిక కేడర్లను ఏర్పరిచిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల ఉంది. ఒక శాఖలో ఆ పోస్టు జిల్లా కేడర్, ఇంకో శాఖలో జోనల్ కేడర్ అయితే కేవలం శాఖాధిపతి మెమోతో రెండు జాబితాలూ కలిసిపోవు. ఉపాధ్యాయుల ఏకీకృత సర్వీసు రూల్స్ కథ దీనికి నిలువెత్తు సాక్ష్యం. ప్రభుత్వ పాఠశాలల టీచర్లు, పంచాయతీరాజ్ టీచర్ల కేడర్లను కలపడానికి 2017లో ఏకంగా రాష్ట్రపతి ఉత్తర్వులనే సవరించారు. 2018లో హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. ఈలోగా ఎంతోమంది ప్రమోషన్ చూడకుండానే రిటైరయ్యారు. మీ ఉమ్మడి జాబితా తయారైన యూనిట్, మీ పోస్టు స్థానిక కేడర్ ఒకటేనా అన్నది తప్పక సరిచూడండి. ఇక్కడ తేడా దొరికితే అది తేదీల వాదన కన్నా బలమైనది.

7. ప్రొవిజనల్ జాబితా చేతికొచ్చింది: ఎలా చదవాలి

చాలామంది తమ పేరు ఎక్కడుందో చూసి, పైన ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి ఆపేస్తారు. అలా కాకుండా పెన్సిల్ తీసుకుని అవతలి శాఖ పేర్లన్నీ సన్నగా కొట్టేయండి. మిగిలిన మీ శాఖ పేర్లు పాత ఫైనల్ జాబితాలోని వరుసలోనే ఉన్నాయా? లేకపోతే రూల్ 34 షరతు దెబ్బతింది. ఇది తరచూ జరిగే పొరపాటు. మీ శాఖలో కమిషన్ ర్యాంకు 5 వచ్చినవారు పోస్టింగ్ ఆలస్యమై ర్యాంకు 8 కన్నా వారం తర్వాత చేరారనుకోండి. పాత జాబితాలో ర్యాంకు ప్రకారం ఆయనే పైన. ఉమ్మడి జాబితాను కంప్యూటర్‌లో చేరిన తేదీ కాలమ్ పెట్టి సార్ట్ చేసేస్తే ఆయన కిందికి జారిపోతారు. మధ్యలో అవతలి శాఖవాళ్లు పదిమంది దూరితే ఆ ఒక్క వారం కనీసం పదకొండు స్థానాల నష్టం.

తర్వాత ఒక్కొక్క వరుసనూ అడ్డంగా చదవండి. క్రమసంఖ్య, పేరు, పుట్టిన తేదీ, అర్హత, మొదటి నియామకం, ప్రస్తుత కేటగిరీ తేదీ, నియామక పద్ధతి, చివర్లో రిమార్కులు. అసలు కథంతా రిమార్కుల్లోనే ఉంటుంది. ‘రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్’ అని ఉండి పాత తేదీ వేశారా? ‘నోషనల్’ అని ఉండి ఉత్తర్వు నంబరు లేదా? ఒకప్పుడు ప్రమోషన్ వద్దని రాసిచ్చిన విషయం, శిక్షగా కింది కేటగిరీకి దించిన విషయం వదిలేశారా? మీ ముందున్న ప్రతి అనుమానపు పేరుకు ఒక చీటీ రాసుకోండి.

రిజర్వేషన్ రోస్టర్ (ఏ ఖాళీ ఏ వర్గానికో చూపే వరుస పట్టిక) వేరే సంగతి, సీనియారిటీ జాబితాతో కలపకండి. రెండు శాఖల రోస్టర్ రిజిస్టర్లను ఎలా ముడిపెట్టారన్నది ప్యానెల్ వేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న. ప్రమోషన్‌లో రిజర్వేషన్‌తో పైకి వెళ్లినవారికి ఆ సీనియారిటీ కూడా దక్కేలా 2001లో రాజ్యాంగ 85వ సవరణ 16(4ఎ) అధికరణను మార్చింది కాబట్టి పాతకాలపు వాదనలు ఇక్కడ పనికిరావు.

8. అభ్యంతరం రాయడం

సంఘం ముద్రించిన ఒకే నమూనా మీద వందమంది సంతకాలు పెట్టి పంపడం మన దగ్గర అలవాటు. సంఘం బలం చూపడానికి అది అవసరమే, కాదనను. కానీ మీ వ్యక్తిగత అభ్యంతరం విడిగా ఉండి తీరాలి. కోర్టులో అడిగేది ‘మీరు ఏ తేదీన, ఏమని అభ్యంతరం చెప్పారు’ అని.

భాష మర్యాదగా, వాదన పొట్టిగా ఉండాలి. ఇలా రాయవచ్చు:

‘పై జాబితాలో నా పేరు క్ర.సం. 58 వద్ద చూపబడింది. క్ర.సం. 41 వద్ద చూపినవారి సీనియర్ అసిస్టెంట్ కేటగిరీ తేదీ 10-6-2009గా నమోదైంది. ఆ ప్రమోషన్ రూల్ 10 కింద తాత్కాలికంగా ఇవ్వబడినది. వారి సర్వీసు 4-3-2013 నుంచి రెగ్యులరైజ్ చేయబడింది (ఉత్తర్వు నకలు జత). నేను అదే కేటగిరీలో 17-9-2012 నుంచి రెగ్యులర్‌గా పనిచేస్తున్నాను (నకలు జత). రూల్ 33(ఎ) ప్రకారం నా పేరును క్ర.సం. 41 కన్నా పైన ఉంచవలసిందిగా కోరుతున్నాను. ఈ అభ్యంతరంపై కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వవలసిందిగా, అంతవరకు పై జాబితా ఆధారంగా ప్రమోషన్లు ఇవ్వవద్దని ప్రార్థన.’

చూడండి, ఇందులో ఎవరినీ తిట్టలేదు. సంఖ్య, తేదీ, రూల్, కాగితం, కోరిక. అంతే. ‘కారణాలతో కూడిన ఉత్తర్వు’ అన్న మాట వదలకండి. ఆ ఉత్తర్వు వస్తే దాన్ని సవాలు చేయవచ్చు, రాకపోతే రాలేదన్నదే మీ వాదన అవుతుంది. త్రూ ప్రాపర్ చానల్ (మీ పై అధికారుల ద్వారా) పంపండి, ఒక కాపీ నేరుగా శాఖాధిపతికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.

జాబితాలో మీరు పైన ఉన్నారా? అప్పుడూ నిశ్చింతగా ఉండకండి. మీపై ఎవరు అభ్యంతరం పెట్టారో కనుక్కుని, మీ స్థానాన్ని సమర్థిస్తూ ఒక లేఖ ఇవ్వండి. మీ వాదన వినకుండా మిమ్మల్ని కిందికి దించకూడదు, కానీ మీ కాగితాలు ఫైల్లో ఉంటేనే ఆ వినడానికి విలువ.

9. ఫైనల్ జాబితా, ప్యానెల్, అప్పీలు

ఫైనల్ జాబితా వచ్చాక రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. సర్వీస్ రూల్స్‌లో అప్పీలుకు గడువు ఉంది. దాన్ని చివరిదాకా సాగదీయకుండా నెలలోపే పై అధికారికి అప్పీలు వేయండి. మన దగ్గర ప్యానెల్ సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి తర్వాతి ఆగస్టు 31 దాకా. కాబట్టి వేసవిలో వచ్చిన జాబితా మీద సెప్టెంబర్ దాకా కూర్చుంటే కొత్త ప్యానెల్ ఆ తప్పు జాబితా మీదే తయారవుతుంది. డీపీసీ (శాఖాపరమైన ప్రమోషన్ కమిటీ) కూర్చోకముందే మీ అప్పీలు పెండింగ్‌లో ఉందని కమిటీ కన్వీనర్‌కు ఒక లేఖ ఇవ్వడం మంచిది.

ఒకే వినతిని మూడు నెలలకోసారి పంపుతూ పోవడం వల్ల గడువు పెరగదు. 2008లో సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది: పాతబడిన కోరికపై కొత్తగా జవాబు వచ్చినా ఆ కోరికకు మళ్లీ ప్రాణం రాదు. ప్రమోషన్‌లో అన్యాయం జరిగిందనేవారు ఆరు నెలలు, మహా అయితే ఏడాదిలో కోర్టుకు రావాలని 1970ల నాటి సదాశివస్వామి కేసు నుంచి చెబుతూనే ఉన్నారు. మూడు నాలుగేళ్లు ఎవరూ ప్రశ్నించని సీనియారిటీని తర్వాత కదిలించడానికి కోర్టులు ఇష్టపడవని శిబశంకర్ మహాపాత్ర కేసులో మరోసారి తేలింది.

10. హైకోర్టు

ఒకప్పుడు రాష్ట్ర ఉద్యోగులు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు వెళ్లేవారు. తెలంగాణకు సంబంధించి 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు 226 అధికరణ కింద నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్.

లాయర్ దగ్గరకు వెళ్లేముందు ఒకే పేజీలో తేదీల పట్టిక రాసుకోండి: నియామకం, ప్రమోషన్, విలీనం, ప్రొవిజనల్, అభ్యంతరం, ఫైనల్, అప్పీలు. సర్వీసు కేసులు చూసే లాయర్‌కు ఆ పేజీ చాలు, కేసు ఉందో లేదో చెప్పేస్తారు.

పిటిషన్‌లో చాలామంది దెబ్బతినేది ప్రతివాదుల దగ్గర. మీరు గెలిస్తే ఎవరు కిందికి దిగుతారో వాళ్లు పార్టీలుగా ఉండాలి. కేవలం ప్రభుత్వాన్ని, కమిషనర్‌ను పెట్టి వదిలేస్తే తీర్పు వచ్చాక కూడా వాళ్లు ‘మమ్మల్ని వినలేదు’ అని అప్పీలుకు వెళ్తారు, ఏళ్ల శ్రమ మళ్లీ మొదటికొస్తుంది. సంఖ్య చాలా ఎక్కువైతే వాళ్ల తరఫున కొందరినైనా పెట్టాలి. రోజూ పక్క కుర్చీలో కూర్చునే మనిషిని ప్రతివాదిగా పెట్టడం ఇబ్బందిగానే ఉంటుంది. ముందే వెళ్లి ‘ఇది రూల్ మీద కేసు, మీ మీద కాదు’ అని చెప్పేయండి. రెండు శాఖల వాళ్లు ఒకరినొకరు శత్రువుల్లా చూసుకునే ఆఫీసులో పనిచేయడం కన్నా ఆ ఐదు నిమిషాల ఇబ్బంది నయం.

సవాలు చేయాల్సింది ఏమిటో కూడా సరిగ్గా గుర్తించాలి. జాబితాలో తప్పు విలీనం జీ.ఓ. వల్లే వచ్చిందంటే జాబితాతో పాటు ఆ జీ.ఓ.లోని క్లాజును కూడా సవాలు చేయాలి. క్లాజును వదిలేసి జాబితాను మాత్రమే కొట్టేయమంటే ‘జీ.ఓ. ప్రకారమే వేశాం’ అని ప్రభుత్వం ఒక్క ముక్కతో తప్పుకుంటుంది. మధ్యంతర ఉత్తర్వుగా స్టే దొరకడం కష్టం. ‘ఈ కేసు తుది తీర్పుకు లోబడి ప్రమోషన్లు’ అన్న ఉత్తర్వు తెచ్చుకున్నా అది చిన్న విజయం కాదు. అది ఉంటే రేపు ప్రమోషన్ పొందినవారు తమ స్థానం స్థిరపడిపోయిందని చెప్పలేరు. సింగిల్ జడ్జి తీర్పుపై రిట్ అప్పీలు డివిజన్ బెంచ్‌కు వెళ్తుంది.

విలీనంలో కొందరికి కొంత దెబ్బ తగలక తప్పదని, అందరికీ నూటికి నూరుపాళ్లు నప్పే సూత్రం ఉండదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. తమిళనాడులో జిల్లా బోర్డు పాఠశాలల సిబ్బందిని ప్రభుత్వంలో కలిపినప్పటి కేసులోనూ ఇదే ధోరణి. కాబట్టి ‘ఇంతకన్నా మంచి సూత్రం ఉంది’ అన్నది గెలిచే వాదన కాదు. సూత్రం రూల్‌కు విరుద్ధమనో, 14, 16 అధికరణల ప్రకారం అసమంజసమనో, ఉన్న సూత్రాన్నే తప్పుగా అమలు చేశారనో చూపాలి. మూడోది అన్నిటికన్నా తేలిక, చాలామందికి నిజంగా ఉన్నదీ అదే.

11. కేంద్ర ఉద్యోగులకు

కేంద్ర శాఖల్లో సీనియారిటీకి 1986 జూలై 3 నాటి డీఓపీటీ (కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం) మెమో, ఆ తర్వాతి సవరణలు పునాది. వివాదం క్యాట్‌కు (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు) వెళ్తుంది. వినతి ఇచ్చి ఆరు నెలలు జవాబు కోసం చూడాలి, ఆ తర్వాత ఏడాదిలో దరఖాస్తు వేయాలి. జవాబు ముందే వస్తే ఆ తేదీ నుంచి ఏడాది. మిగతా పనంతా పైన చెప్పినదే.

12. గెలిచాక అడగాల్సినవి

జాబితా సరిచేయడంతో పని అయిపోదు. మీ జూనియర్ ప్రమోషన్ పొందిన తేదీ నుంచి మీకు నోషనల్ ప్రమోషన్ ఇవ్వాలని, జీతం ఆ తేదీ నుంచి ఖాయం చేయాలని పిటిషన్‌లోనే కోరండి. నోషనల్ కాలానికి బకాయిలు సాధారణంగా ఇవ్వరు. అవి కూడా కావాలంటే, ప్రమోషన్ ఆగడానికి తప్పు పూర్తిగా శాఖదేనని విడిగా రాసి అడగాలి. నోషనల్ తేదీ ఖాయమైతే తర్వాతి పోస్టుకు కావాల్సిన కనీస సర్వీసుకు ఆ కాలం లెక్కిస్తారా అన్నది ఉత్తర్వులోనే రాయించుకోండి. లేకపోతే వచ్చే ప్యానెల్‌లో మళ్లీ ఇదే తగాదా. కేసు నడుస్తుండగా రిటైరైనవాళ్లు కూడా వదిలేయకూడదు. నోషనల్ ప్రమోషన్‌తో చివరి జీతం మారుతుంది, దానితో పెన్షన్, గ్రాట్యుటీ కూడా మారతాయి. తీర్పు కాపీ చేతికి రాగానే అమలు కోరుతూ శాఖాధిపతికి లేఖ, దాంతో పాటు పెన్షన్ సవరణ ప్రతిపాదన అకౌంటెంట్ జనరల్‌కు పంపమని ఆఫీసుకు ఇంకో లేఖ ఇవ్వండి. కోర్టు చెప్పిన గడువు దాటినా ఆఫీసు కదలకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ వేయడానికి ఏడాదే సమయం ఉంటుందని గుర్తుపెట్టుకోండి.